ఇండోర్ బ్లోవర్ తిరగకపోతే: మోటారు మార్చేముందు చూడాల్సినవి

స్ప్లిట్ ఏసీ ఇండోర్ యూనిట్‌లో బ్లోవర్ (గదిలోకి గాలి తోసే పొడవాటి రెక్కల చక్రం) ఆగిపోయిందంటే చాలామంది వెంటనే "మోటారు పోయింది" అనేస్తారు. ఏసీలు విప్పి బిగించడమే నా పని. అలా పోయిందని పక్కన పడేసిన మోటార్లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిలో ఎన్నింటికో కెపాసిటర్ జోడించి కరెంటిస్తే హాయిగా తిరిగాయి. అసలు పోయింది కెపాసిటరో, కంట్రోల్ బోర్డు మీద మోటారు కరెంటును అదుపు చేసే ట్రయాకో, బ్లోవర్ ఎడమ చివరన ఇరుసును మోసే బుష్షో, లేదంటే కనెక్టర్‌లో తుప్పు పట్టిన ఒక్క పిన్నో. మోటారు తిరగాలంటే దానికి కరెంటు అందాలి, ఏసీ కరెంటుతో నడిచే మోటారైతే కెపాసిటర్ సాయం ఉండాలి, ఇరుసుకు అడ్డు ఉండకూడదు, తిరుగుతున్నానని బోర్డుకు సిగ్నల్ పంపగలగాలి. వీటిలో ఏది తప్పినా బయటికి కనిపించేది ఒకటే, గాలి రాదు. అందుకే కొత్త మోటారు కొనేముందు వీటిని వరసగా పరీక్షించమంటాను.

ముందు కరెంటు సంగతి. రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఎంసీబీ దించి, మళ్లీ ఎవరూ ఎత్తకుండా దాని మీద టేపు అంటించండి. కవరు విప్పాక టెర్మినల్ బ్లాక్ దగ్గర మల్టీమీటర్‌తో కరెంటు లేదని మీరే చూసుకోండి. కొన్ని యూనిట్లలో సప్లై ఇండోర్‌కు వస్తుంది, కొన్నింటిలో అవుట్‌డోర్ నుంచి వస్తుంది, కాబట్టి ఏ ఎంసీబీ దేనిదో ఊహించుకోవద్దు. ఇన్వర్టర్ ఏసీలో బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు సప్లై తీశాక కూడా 300 ఓల్టులకు పైగా పట్టి ఉంచుతాయి. పది నిమిషాలు ఆగి, వాటి కాళ్ల మధ్య డీసీ ఓల్టేజీ కొలిచి, బాగా పడిపోయిందని తేలాకే చెయ్యి పెట్టండి. కింద చెప్పే పరీక్షల్లో కొన్ని కరెంటు ఉండగా చేయాల్సినవి. అలవాటు లేనివాళ్లు ఓమ్‌లు కొలిచేవరకు చేసుకుని, మిగతాది తెలిసినవాళ్లకు వదిలేయండి. చాలా బోర్డుల్లో 5 ఓల్టుల లైను కూడా మెయిన్స్‌తో కలిసే ఉంటుంది, చిన్న ఓల్టేజీయే కదా అని వేలితో తాకకూడదు.

విప్పకముందే సగం సమాచారం

రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టండి. కూల్ మోడ్‌లో చూస్తే కంప్రెసరు, కాయిల్ చలవ, సెన్సర్లు అన్నీ కలిసి లెక్క తికమక చేస్తాయి. హీట్ మోడ్ అసలే వద్దు. చల్లగాలి మీద కొట్టకుండా కాయిల్ వేడెక్కేదాకా బ్లోవర్‌ను బోర్డే ఆపి ఉంచుతుంది, అది జబ్బు కాదు.

లైటు వెలగలేదు, బీప్ రాలేదు, ఫ్లాప్ తెరుచుకోలేదు అంటే సప్లై వైపు, బోర్డు మీది ఫ్యూజు వైపు చూడాలి. చాలా బోర్డుల మీద 3.15 ఆంపియర్ల చిన్న ఫ్యూజు ఉంటుంది. అది కాలి ఉంటే ఊరికే మార్చి వదలొద్దు. మోటారు కనెక్టర్ పీకి, కొత్త ఫ్యూజు వేసి కరెంటివ్వండి. ఫ్యూజు నిలబడితే షార్టు మోటారులో ఉందన్న అనుమానం బలపడుతుంది.

ఫ్లాప్ తెరుచుకుంది, లోపల గుంయ్‌మని సన్నటి రొద, బ్లోవర్ మాత్రం కదలదు. ఇది కెపాసిటర్ లక్షణం, కాకపోతే ఇరుసు బిగుసుకుపోయి ఉండాలి. కొన్ని క్షణాలు తిరిగి, ఆగి, మళ్లీ ప్రయత్నించి, చివరికి ఎర్రర్ కోడ్ చూపిస్తే తిరుగుతున్నానని మోటారు పంపే ఫీడ్‌బ్యాక్ సిగ్నల్ బోర్డుకు అందడం లేదని అర్థం. స్పీడు తగ్గించినా తగ్గకపోవడం, రిమోట్‌తో ఆపినా బ్లోవర్ తిరుగుతూనే ఉండటం చూస్తే బోర్డు మీది ట్రయాక్ షార్టయింది, మోటారును తప్పుపట్టకండి. కాసేపు బాగా నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచేవి కూడా ఉంటాయి. వాటిలో మోటారు వేడెక్కి లోపలి థర్మల్ ప్రొటెక్టర్ (వేడి మించితే కరెంటు తెంచే ముక్క) తెగుతోంది. ఆ వేడి ఎందుకు పుడుతోందో వెతకాలి, సాధారణంగా బేరింగు దగ్గర దొరుకుతుంది.

బ్లోవర్ తిరుగుతోంది కానీ గాలి అంతంత మాత్రం అంటే మోటారు జోలికి పోవద్దు. టార్చి వేసి బ్లోవర్ రెక్కల మధ్య చూడండి. రెక్క లోపలి వంపులో దుమ్ము పేరుకుని మట్టిలా గట్టిపడి ఉంటుంది. రెక్క వంపు పూడిపోయాక ఎంత వేగంగా తిరిగినా గాలిని తోయలేదు. ఫిల్టర్ కడిగాం కదా అంటారు, ఫిల్టర్ వేరు, బ్లోవర్ వేరు.

చేత్తో తిప్పి చూడటం

సప్లై తీసేసి ఉండగా గాలి వచ్చే సందులోంచి వేలు పెట్టి బ్లోవర్‌ను మెల్లగా తిప్పండి. నేను మీటరు బయటికి తీసేముందు ఈ పని చేస్తాను. బాగున్న బ్లోవర్ తేలికగా తిరిగి, వదిలేశాక కొంచెం దూరం తనంతట తానే వెళ్లి ఆగుతుంది. బరువుగా తిరిగి చెయ్యి తీయగానే టక్కున ఆగిపోతే బుష్ ఎండిపోయిందో, బేరింగు పట్టేసిందో చూడాలి. ఒకేచోట ప్రతి చుట్టుకూ తగులుతుంటే బ్లోవర్ పక్కకు జరిగి గోడకు రాసుకుంటోంది. బీఎల్‌డీసీ మోటారులో (డీసీ కరెంటుతో నడిచే రకం, గుర్తుపట్టడం కింద చెబుతాను) అయస్కాంతాల వల్ల కాస్త ఆగి ఆగి తిరిగినట్టు ఉండటం మామూలే. కనెక్టర్ పీకేశాక కూడా చేతిని గట్టిగా వెనక్కి లాగుతున్నట్టుంటే మాత్రం లోపలి ట్రాన్సిస్టర్లు షార్టయి ఉండొచ్చు.

శబ్దంతో వచ్చే ఫిర్యాదులకూ ఇక్కడే ఆధారం దొరుకుతుంది. ఏసీ వేయగానే, అదీ తక్కువ స్పీడులో, కీచుమని కూస్తే ఎడమవైపు బుష్. స్పీడు పెంచేకొద్దీ పెరిగే గరగర అయితే మోటారు బేరింగు. చుట్టుకొకసారి దబ్‌మని కొడితే రెక్క విరిగి బ్యాలెన్సు తప్పింది. టకటకమంటే సెన్సర్ వైరో, ఊడిన స్టిక్కరో రెక్కలకు తగులుతోంది.

ఏ రకం మోటారు?

కుడివైపు ఎలక్ట్రికల్ బాక్సు తెరిచి బోర్డుకు వచ్చే వైర్లు చూస్తే తెలిసిపోతుంది. మూడు లావు వైర్లు ఒక కనెక్టర్‌లో, మూడు సన్న వైర్లు ఇంకో చిన్న కనెక్టర్‌లో ఉంటే అది పీజీ మోటారు. కెపాసిటర్‌తో, ఏసీ కరెంటుతో నడిచే మోటారే, స్పీడును బోర్డు మీది ట్రయాక్ అదుపు చేస్తుంది, లోపలి హాల్ సెన్సర్ ఎంత స్పీడుతో తిరుగుతోందో బోర్డుకు చెబుతూ ఉంటుంది. అన్నీ కలిపి ఒకే కనెక్టర్‌లో అయిదు వైర్లుంటే బీఎల్‌డీసీ. ఇన్వర్టర్ మోడళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. రెంటినీ పరీక్షించే పద్ధతి పూర్తిగా వేరు, ఒకదాని పద్ధతి రెండోదానికి వాడితే తప్పుడు జవాబు వస్తుంది.

పీజీ మోటారు: కెపాసిటర్, వైండింగ్

బోర్డు మీద పెట్టెలా ఉండే కెపాసిటర్ మీద విలువ రాసి ఉంటుంది, సాధారణంగా 1 నుంచి 2 మైక్రోఫారడ్‌ల మధ్య, 450 ఓల్టులు. డిశ్చార్జ్ చేశాక ఒక కాలు సోల్డర్ తీసి కొలవండి. బోర్డులో ఉండగా కొలిస్తే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) కూడా కలిసొచ్చి రీడింగు నమ్మడానికి వీలుండదు. రాసిన విలువలో 5 శాతం అటూఇటూ ఉంటే మంచిదే. 1.5 అని రాసి 0.9 చూపిస్తే తీసేయండి. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి, ఓల్టులు అంతే లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. స్పీడు పెరుగుతుందని పెద్ద కెపాసిటర్ వేసేవాళ్లున్నారు. దాంతో వైండింగ్ వేడెక్కి మోటారు నిజంగానే కాలిపోతుంది, దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత వైండింగ్. లావు వైర్ల కనెక్టర్ పీకి, మూడు పిన్నుల మధ్య మూడు జతలుగా ఓమ్‌లు కొలవండి. మోడల్‌ను బట్టి వంద నుంచి అయిదారు వందల ఓమ్‌ల దాకా ఉండొచ్చు. అంకె ఎంతన్నదానికంటే వాటి మధ్య పొత్తు ముఖ్యం. రెండు చిన్న రీడింగులు కలిపితే పెద్ద రీడింగు రావాలి. 260, 310 వస్తే మూడోది 570 దగ్గర ఉండాలి. ఆ లెక్క కుదిరితే వైండింగ్‌లో తెగినదేమీ లేదు.

ఒకే జతకు 570 వచ్చి మిగతా రెండు జతలూ ఓపెన్ (తెగినట్టు) చూపిస్తే ఆగి ఆలోచించండి. రెండు వైండింగులూ బాగున్నాయి, ఉమ్మడి వైరులోని థర్మల్ ప్రొటెక్టర్ తెగింది. మోటారు వేడిగా ఉంటే పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ కొలవండి, కొన్ని రకాలు చల్లారగానే కలుస్తాయి. కలిసిందంటే మోటారు బతికే ఉంది, వేడెక్కించిన కారణమే దొరకాలి. చల్లారినా కలవకపోతే అది ఒక్కసారికే పనికొచ్చే ఫ్యూజు. దాన్ని దాటవేసి వైరు కలిపే చిట్కా చెప్పేవాళ్లుంటారు. మోటారు కాలిపోకుండా, మంట పుట్టకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. దాన్ని తీసేసిన ఏసీ కింద పిల్లలు నిద్రపోతారు. నేనైతే ఎంత బతిమాలినా చేయను.

ఆఖరుగా ఒక్కో పిన్నుకూ మోటారు లోహపు బాడీకీ మధ్య కొలవండి, ఏ రీడింగూ రాకూడదు. 500 ఓల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటే ఇంకా నమ్మకంగా తేలుతుంది, ఒక మెగాఓమ్ కంటే తగ్గితే ఆ మోటారును మళ్లీ బిగించవద్దు.

ఫీడ్‌బ్యాక్ సిగ్నల్

మంచి మోటార్లు పాతసామాన్లలోకి పోయేది ఎక్కువగా ఈ అనుమానం రాకపోవడం వల్లే. బ్లోవర్ తిరుగుతుంది, సిగ్నల్ రాదు, మోటారు ఆగిపోయిందనుకుని బోర్డు కరెంటు కట్ చేసి ఎర్రర్ చూపిస్తుంది. చూసేవాళ్లకు మోటారు మొరాయించినట్టే ఉంటుంది.

సన్న వైర్లలో ఒకటి సప్లై, 5 ఓల్టులో 12 ఓల్టులో. రెండోది గ్రౌండ్, మూడోది సిగ్నల్. కరెంటు ఇచ్చి, రిమోట్‌తో ఏసీ ఆపి ఉంచండి. నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబ్ సప్లై మీద పెడితే ఓల్టేజీ కనిపించాలి. లేకపోతే తప్పు బోర్డుది. ఉంటే ఎర్ర ప్రోబ్‌ను సిగ్నల్ వైరు మీదకి మార్చి, ఇంకొకరి చేత బ్లోవర్‌ను ప్లాస్టిక్ పుల్లతో చాలా నెమ్మదిగా తిప్పించండి, వేలు పెట్టనివ్వకండి. మీటరులో ఓల్టేజీ సున్నాకు పడటం, మళ్లీ పైకి లేవడం, మళ్లీ పడటం కనిపించాలి. మోటారు మామూలుగా తిరిగేటప్పుడైతే మీటరు అంత వేగాన్ని పట్టలేదు, సగటున సుమారు సగం ఓల్టేజీ చూపిస్తుంది. ఎంత తిప్పినా సున్నా దగ్గరో, పైనో అతుక్కుపోతే హాల్ సెన్సర్ దారిలో లోపం ఉంది.

లోపం ఉందని తేలినా వెంటనే మోటారు మార్చకుండా ఆ చిన్న కనెక్టర్‌ను పీకి వెలుతురులో చూడండి. నీళ్లతో సర్వీసింగ్ చేసిన కొద్దిరోజులకే బ్లోవర్ ఆగిందన్న ఒక యూనిట్ నాకు గుర్తుంది. మూడు పిన్నుల్లో మధ్యది ఆకుపచ్చగా మారి, గోటితో గీకితే పొడి రాలింది. కడిగేటప్పుడు బాక్సు మీద ప్లాస్టిక్ సంచి కప్పలేదు, ఒక్క చుక్క లోపలికి దిగింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నని బ్రష్షుతో తుడిచి, సాకెట్ లోపలి రేకును సూదితో కాస్త ముందుకు వంచి పెడితే సిగ్నల్ వచ్చేసింది. కొత్త మోటారు తెమ్మని అప్పటికే చెప్పి పోయారట ఎవరో. మీ దగ్గర సర్వీసింగ్ జరిగేటప్పుడు ఆ బాక్సును కప్పారో లేదో ఒకసారి చూసుకోండి.

బీఎల్‌డీసీ మోటారు

ఇక్కడ ఓమ్‌లు కొలిచి వైండింగ్ చూడటం కుదరదు. వైర్లు వైండింగ్‌కు వెళ్లవు, మోటారు లోపలే ఉన్న డ్రైవర్ ఐసీకి (మోటారును నడిపే చిప్) వెళ్తాయి. సాధారణంగా ఎరుపు 310 ఓల్టుల డీసీ, నలుపు గ్రౌండ్, తెలుపు 15 ఓల్టులు, పసుపు స్పీడు ఆజ్ఞ, నీలం ఫీడ్‌బ్యాక్. రంగులకంటే మోటారు మీది లేబుల్‌ను నమ్మండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. కరెంటు ఉండగా ఈ కనెక్టర్‌ను పీకవద్దు, పెట్టవద్దు. ఆ క్షణంలో పుట్టే ఓల్టేజీ దెబ్బకు డ్రైవర్ ఐసీ, దాంతోపాటు బోర్డు కూడా పోతాయి. కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాకే ముట్టుకోవాలి.

కనెక్టర్ దాని చోటులోనే ఉంచి, వెనకనుంచి ప్రోబ్ తాకించి, గ్రౌండ్‌తో పోల్చి కొలవాలి. ఎరుపు మీద 310 దగ్గర, తెలుపు మీద 15 ఉండాలి. రెండూ ఉంటే ఫ్యాన్ మోడ్ వేసి పసుపు మీద చూడండి, సున్నా నుంచి కొన్ని ఓల్టులకు లేవాలి, స్పీడు పెంచితే ఇంకా పెరగాలి. ఈ మూడూ అందుతున్నా ఇరుసు కదలకపోతే మోటారు పోయింది, సందేహం అక్కర్లేదు. పసుపు మీద అసలేమీ రాకపోతే బోర్డు. వచ్చి, మోటారు తిరిగి, వెంటనే సున్నాకు పడిపోతుంటే నీలం వైరులో సిగ్నల్ లేదు.

సప్లై తీసి, డిశ్చార్జ్ అయ్యాక, పీకిన మోటారులో ఎరుపు నలుపుల మధ్య, తెలుపు నలుపుల మధ్య ఓమ్‌లు చూడండి. సున్నా దగ్గర చూపిస్తే లోపల షార్టు. అలాంటి మోటారు బోర్డును కూడా దెబ్బతీసి ఉండొచ్చు, కాబట్టి కొత్త మోటారు తగిలించేముందు బోర్డునుంచి 310, 15 సరిగ్గా వస్తున్నాయో లేదో, పసుపు మీద ఓల్టేజీ ఎక్కడో అతుక్కుపోయిందేమో చూడాలి. షార్టయిన మోటారుకు కొత్త బోర్డు పెట్టినా అంతే నష్టం.

బ్లోవర్ బయటికి తీయడం

ముందు ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా ఏ వైరు ఏ గాడిలోంచి వెళ్తోందో. కవరు స్క్రూలు ఎక్కువగా ఫ్లాప్ వెనక చిన్న మూతల కింద దాగి ఉంటాయి. రూమ్ సెన్సర్, కాయిల్ సెన్సర్ జాగ్రత్తగా బయటికి తీసి, ఎలక్ట్రికల్ బాక్సు, డ్రెయిన్ ట్రే విప్పాలి. గ్యాసు లైను విప్పాల్సిన పని లేదు. కాయిల్ ఎడమవైపు స్క్రూలు తీసి, ఆ చివరను బ్లోవర్ జారేంతవరకే ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే రాగి పైపు నలిగి చీలుతుంది. ఆర్32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది, బుస్‌మన్న శబ్దం వింటే కిటికీలు తెరిచి, దగ్గర్లో మంటగానీ స్విచ్చుగానీ ముట్టకుండా గదిలోంచి బయటికి రండి. కాయిల్ రేకులు బ్లేడులా కోస్తాయి, గ్లౌజులు వేసుకోండి.

మోటారు ఇరుసును బ్లోవర్‌కు కట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. కుడి చివర రెక్కల మధ్య ఒకచోట సందు కాస్త వెడల్పుగా ఉంటుంది. బ్లోవర్‌ను మెల్లగా తిప్పుతూ ఆ సందు మీ ముందుకు రాగానే టార్చి వేస్తే లోపల స్క్రూ తల మెరుస్తుంది. పొడవాటి, మొన అరగని స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి ఆగండి, తర్వాత ముందు వెంట్రుకవాసి బిగించి ఆపై వదులు చేయండి. మొదటి ప్రయత్నంలోనే తల అరగదీస్తే మిగిలిన రోజంతా దానితోనే సరిపోతుంది. స్క్రూ వదులయ్యాక కూడా ఇరుసు రాకపోతే సుత్తి పట్టుకోకండి, ప్లాస్టిక్ హబ్ పగులుతుంది. మోటారును అటూఇటూ తిప్పుతూ లాగాలి.

ఎడమవైపు రబ్బరు గూటిలో ఉండేది నూనె పీల్చుకున్న బుష్. తుడిచి, టర్బైన్ ఆయిల్‌గానీ సన్నని మెషిన్ ఆయిల్‌గానీ రెండు చుక్కలు ఇంకనివ్వండి. కిరోసిన్, తుప్పు స్ప్రేలు నూనె కింద వాడవద్దు, ఉన్న నూనెను కూడా కడిగేసి ఆరిపోతాయి. బుష్ అరిగి ఇరుసు ఊగుతుంటే మార్చేయడమే. విరిగిన రెక్కను అతికించి నడిపితే బ్యాలెన్సు కుదరదు, బ్లోవర్ మార్చాలి.

రేకు బాడీ మోటారైతే రెండు భాగాలకూ గీత గుర్తు పెట్టుకుని తెరిచి బేరింగులు మార్చొచ్చు. నంబరు బేరింగు మీదే ఉంటుంది. 608 అని ఉంటే లోపలి వ్యాసం 8, బయటిది 22, మందం 7 మిల్లీమీటర్లు. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. బయటి రింగు మీద కొడితే గోళీలకు సొట్టలు పడి మళ్లీ గరగర మొదలవుతుంది. రెసిన్‌తో పోతపోసిన మోటారు తెరుచుకోదు. వైండింగ్ కాలితే రీవైండింగ్‌కు నేను సలహా ఇవ్వను. తీగ వెంట్రుకంత సన్నం, పాత పనితనం రాదు.

కొత్త మోటారు, బిగింపు

వాట్లు, ఓల్టేజీ, తిరిగే దిక్కు, ఇరుసు పొడవు, లావు, దాని చదును ముఖం, కనెక్టర్‌లో పిన్నుల వరస, అన్నీ పాతదానితో సరిపోవాలి. కనెక్టర్ అమరింది కదా అని నమ్మకండి, వరస మారిన మోటార్లు ఉంటాయి. పాత లేబుల్ పక్కన కొత్త లేబుల్ పెట్టి ఒక్కో వైరూ పోల్చి చూడండి. దిక్కు తేడా వస్తే బ్లోవర్ తిరుగుతుంది కానీ గాలి సరిగ్గా రాదు.

స్క్రూ మొన ఇరుసు చదును ముఖం మీదే పడేలా బిగించాలి. ముందు సగం బిగించి, బ్లోవర్ రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసి, చేత్తో పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడా తగలకపోతేనే గట్టిగా బిగించండి. సెన్సర్లు వాటి గూళ్లలోకి, వైర్లు ఫోటోలో ఉన్న గాడుల్లోకి, ఎర్త్ వైరు దాని స్క్రూకు.

ముందు కవరు పెట్టకుండానే ఫ్యాన్ మోడ్‌లో తక్కువ, మధ్య, ఎక్కువ స్పీడుల్లో కాసేపు చొప్పున నడిపి వినండి. తర్వాత కూల్ మోడ్‌లో అరగంట నడవనిచ్చి, కాయిల్ మీద మంచు పట్టడం లేదని, డ్రెయిన్ పైపులోంచి నీళ్లు బయటికే పోతున్నాయని చూశాక, సప్లై ఆపి కవరు బిగించండి.